పక్కింటి దండెం

కనకరత్నం మంచం ఎక్కింది జబ్బు వల్ల కాదు, చూడ్డానికి వచ్చిన జనం వల్ల.

ఆ సంగతి అర్థం కావాలంటే ఆవిడ పూర్వచరిత్ర కొంచెం చెప్పుకోవాలి. రాజోలు అవతల పుట్టి, కొత్తపేట దగ్గర కాలవ గట్టు ఊరికి కోడలై వచ్చిన మనిషి. వరి చేలు, కొబ్బరి తోట, ఆరడుగుల మొగుడు, ఇవన్నీ ఆవిడకి పెళ్ళితో కలిసొచ్చాయి. సొంతంగా సంపాదించుకున్నది ఒక్కటే, పరామర్శల్లో పేరు. ఊళ్ళో ఎవరికి జ్వరం తగిలినా, ఎవరి కాలు బెణికినా, డాక్టరు కంటే ముందు కనకరత్నం వెళ్ళేది. చేతిలో బత్తాయిల సంచీ ఉండేది. లేచి కూర్చున్న రోగిని పడుకోబెట్టి, పడుకున్న రోగికి దుప్పటి కప్పి, వాళ్ళింటి కాఫీ తాగి, అదే జబ్బుతో పోయినవాళ్ళ కథలు ఒకటి రెండు చెప్పి, కళ్ళొత్తుకుని వచ్చేది. బతికి బయటపడ్డవాళ్ళ కథలు ఎందుకు చెప్పేది కాదో ఆవిడకే తెలియాలి.

అలాంటి మనిషికి జబ్బు చేస్తే ఊరు ఊరుకుంటుందా?

కుడి రొమ్ములో గడ్డ అన్నారు. ఆపరేషను చేసి, చంకలో గడ్డలు కూడా తీసేశారు. తర్వాత కీమో పెట్టారు. జుట్టంతా ఊడి, మళ్ళీ గోరంత మొలిచింది. ఇక మిగిలింది కరెంటు పెట్టించుకోవడం. రేడియేషన్‌ని ఆ చుట్టుపక్కల అందరూ అలాగే అంటారు. ఆ మిషను కింద పడుకున్నప్పుడు కుడి చెయ్యి తలపైకి ఎత్తి, వాళ్ళు చాలనేదాకా కదలకుండా ఉంచాలి. చెయ్యి అడ్డొస్తే కరెంటు పడవలసిన చోట పడదు. కనకరత్నం చెయ్యేమో భుజం ఎత్తు కూడా అందుకోకుండానే బిగుసుకుపోయి ఆగుతోంది. చెయ్యి లేవకపోతే కరెంటు వాయిదా వెయ్యాలనీ, అది వాయిదా వేసే వైద్యం కాదనీ డాక్టరు గారు మెత్తగానే చెప్పారు.

భుజం అలా బిగుసుకుపోవడానికి కారణం ఇంట్లోవాళ్ళ మర్యాద. ఆపరేషనయ్యాక ఆసుపత్రిలో "ఆ చేత్తో బరువులెత్తకండి" అన్నారు. ఇంటికి చేరేసరికి అది "ఆ చెయ్యే ఎత్తకండి" అయి కూర్చుంది. కోడలు జ్యోతిర్మయి బంగారుతల్లి. అత్తగారు మంచినీళ్ళ గ్లాసు వైపు చూస్తే చాలు, గ్లాసు నోటి దగ్గరికి వచ్చేది. చెంచా పట్టుకోబోతే "వద్దండి అత్తయ్యగారూ, నేను పెడతానుగా" అని లాక్కునేది. కుడి చెయ్యి కింద మెత్తటి దిండు, దాని కింద ఇంకో దిండు. ఉత్సవ విగ్రహాన్నైనా ఏడాదికోసారి కదిలిస్తారు, ఈవిడ చేతికి ఆ భాగ్యమూ లేకపోయింది.

దానికి తోడు చూడవచ్చేవాళ్ళు. కోనసీమలో పరామర్శకి ఒక పద్ధతి ఉంది. వచ్చినవాళ్ళకి రోగి మంచం మీద దొరకాలి. మండువాలో తిరుగుతూ దొరికితే వచ్చినవాళ్ళని అవమానించినట్టే. ఆటో ఖర్చు పెట్టుకుని, బత్తాయిలు కొనుక్కుని వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు? ఆవిడ భర్త సత్యనారాయణమూర్తి గారికి ఈ విషయంలో పట్టింపు ఎక్కువ.

"రత్నం, అమలాపురం నుంచి మా మేనత్త కొడుకులు వస్తున్నారట. ఓ గంట పడుకో" అనేవారు.

"పొద్దుటి నుంచీ పడుకునే ఉన్నానండీ."

"అది నీకోసం పడుకోవడం. ఇది వాళ్ళకోసం."

తను ముప్పై ఏళ్ళపాటు ఊళ్ళో ఎంతమందిని ఇలా పడుకోబెట్టిందో తల్చుకుని కనకరత్నం నోరు మూసుకునేది.

కొత్తపేట సెంటర్లో మందుల కొట్టు మీద మేడ గదిలో దుర్గాశ్రీ అనే అమ్మాయి ఫిజియోథెరపీ చేయిస్తుంది. ఆసుపత్రివాళ్ళే అక్కడికి పంపించారు. చూడ్డానికి ఇంటర్ చదువుతున్న పిల్లలా ఉంటుంది. మాటకి ముందు ఆయ్, మాట చివర అండీ. ఆ రెండింటి మధ్య మాత్రం పోలీసు. గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళతో చీమలా పైకి పాకించమంది. అందినంత ఎత్తులో పెన్సిలుతో గీత గీసి, వారానికోసారి ఫోన్లో ఫోటో తీసి పంపమంది.

కనకరత్నం గోడ దగ్గరికి వెళ్ళడం, వేళ్ళు నడుం ఎత్తు దాటేలోగా గుమ్మం ముందు ఆటో ఆగడం, జ్యోతిర్మయి పరుగున వచ్చి "అత్తయ్యగారూ, మంచం" అనడం. ఇదీ వరస. మధ్యాహ్నాలు ఖాళీ దొరికితే దొడ్డమ్మ కూతుళ్ళు వచ్చేవారు. ఒకావిడ అయితే గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డ కనకరత్నాన్ని చూసి, కళ్ళు తిరిగి గోడ పట్టుకుందనుకుని ఊరంతా చెప్పొచ్చింది. ఆ సాయంత్రం ఇంకో పదిమంది.

ఎక్సర్‌సైజు లేకపోయినా ఫోటో పంపాలి కదా. కనకరత్నం మూడు వారాలు గీతలు పైపైకి గీసి, ముద్దుగా ఫోటోలు పంపింది. నాలుగో వారం దుర్గాశ్రీ ఆవిడ చెయ్యి పట్టుకుని పైకి లేపబోతే, చెయ్యి మొదట ఎక్కడ ఆగేదో అక్కడే ఆగింది.

"అమ్మగారండీ, మీ గోడ ఒకటి చెబుతోంది, మీ భుజం ఒకటి చెబుతోందండి. ఎవర్ని నమ్మమంటారు?" అంది దుర్గాశ్రీ.

"గోడనే నమ్మమ్మా. గోడ అబద్ధం ఆడుతుందా?"

"ఆయ్, గోడ ఆడదండి. కానీ ఫోటోలో అడుగున పీట కోడు కనబడుతోందండి."

పీట ఎక్కి గీతలు గీసిన పెద్దమనిషి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కిటికీలోంచి సెంటర్ వైపు చూసింది. కింద బస్సు కదుల్తోంది.

దుర్గాశ్రీ నవ్వలేదు. "ఇంకో నెలలో మిమ్మల్ని ఆ బల్ల మీద పడుకోబెడతారండి. అక్కడ పీట వెయ్యరండి" అని మాత్రం అంది.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో కనకరత్నం ఎవరితోనూ మాట్లాడలేదు. ఆవిడ ఆటోలో మాట్లాడకుండా కూర్చోవడం అదే మొదటిసారని ఆటో అబ్బాయి తర్వాత చెప్పాడు.

మర్నాడు పొద్దున్న గోడ దగ్గర నిలబడిందో లేదో, వీధిలో కారు చప్పుడు. పెద్ద బావగారు శ్రీరామచంద్రమూర్తి గారి గొంతు. భర్తకి అన్నగారు, ఊళ్ళో మాట చెల్లే మనిషి, కూర్చుంటే భోజనాల వేళ దాకా లేవరు. జ్యోతిర్మయి మంచం మీద దుప్పటి సర్దుతోంది. కనకరత్నం ఒక్క క్షణం ఆలోచించింది. చెప్పులు కూడా వేసుకోకుండా పెరటి తలుపు తీసుకుని, రెండు పెరళ్ళ మధ్య పారే బోదె కాలవ మీది సిమెంటు పలక దాటి, అవతల రామలక్ష్మి పెరట్లోకి జొరబడింది.

రామలక్ష్మి భర్త గంగరాజు కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఇంకో చంటిది, అత్తగారు నాగదుర్గ. ఆ ఇంట్లో ఉతికే గుడ్డలకి లోటు ఉండదు. రెండు కొబ్బరి చెట్లకి కట్టిన దండెం కింద రామలక్ష్మి బకెట్టుతో నిలబడి ఉంది.

"అయ్యో పిన్నిగారండీ, మీరేంటండీ ఇలా వచ్చేరు? ముందు కూర్చోండి, మంచం వేస్తాను" అంది.

"మంచం పేరెత్తావంటే ఈ బోదెలో దూకుతాను" అంది కనకరత్నం.

ఈలోగా లోపల చంటిది గుక్కపట్టింది. రామలక్ష్మి బకెట్టు అక్కడే వదిలేసి పరిగెత్తింది. సరిగ్గా అప్పుడే బోదె అవతల, తమ పెరటి గుమ్మంలో బావగారు ప్రత్యక్షమయ్యారు. "పెరట్లో ఉందేమో చూస్తాను ఉండమ్మా" అంటున్నారు కోడలితో. కనకరత్నానికి దాక్కోవడానికి దండెం తప్ప ఏమీ లేదు. దండెం మీద ఒక పల్చటి చీర వేలాడుతోంది, అందులోంచి ఆవిడ మొహం కనబడిపోతుంది. బకెట్లోంచి చంటిదాని గౌను తీసి మొహానికి అడ్డంగా దండెం మీద వేసింది. ఎడమ చేత్తో వేసింది. బావగారు ఇంకో రెండడుగులు పక్కకి జరిగారు. ఆ పక్కన కూడా ఒకటి వెయ్యాలి. ఎడమ చెయ్యి చీరని పట్టుకుని ఉంది. ఇక కుడి చెయ్యే దిక్కు. ఆ చేత్తో బకెట్లోంచి పిల్లాడి లాగు తీసి, చీర వెంబడి వేళ్ళతో పైకి పాకించింది. భుజంలో ఏదో తాడు తెగుతున్నట్టు లాగింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పళ్ళు బిగబట్టి ఇంకొంచెం పాకించింది. లాగు అంచు దండేనికి తగిలింది.

బావగారు వెళ్ళిపోయారు. కనకరత్నం చెయ్యి దించి, కాసేపు ఊపిరి పీల్చుకుని, చుట్టూ చూసింది. వద్దండీ అనేవాళ్ళు లేరు. లాక్కునేవాళ్ళు లేరు. బకెట్లో ఇంకా సగం గుడ్డలున్నాయి. ఆవిడకి బెల్లం కుండ దొరికినంత సంతోషం వేసింది.

ఆ సంగతి చెబితే దుర్గాశ్రీ ఈసారి నవ్వింది. నవ్వినా పోలీసు పని మర్చిపోలేదు. "చిన్న గుడ్డలు, గట్టిగా పిండినవి మాత్రమేనండి. దుప్పట్ల జోలికి వెళ్ళొద్దు. లాగినట్టుంటే ఆగి ఊపిరి తీసుకోండి, పొడిచినట్టుంటే దించెయ్యండి. దండెం వారం వారం కాస్త పైకి కట్టించుకోండి" అంది.

ఇక రోజూ వెళ్ళాలి. రోజూ ఏం చెప్పి వెళ్ళడం? కనకరత్నానికి ఆ పూట బుర్ర పాదరసంలా పనిచేసింది.

"రామలక్ష్మి అత్తగారికి ఒంట్లో బాగోలేదట. చూసొస్తానండీ" అంది భర్తతో.

పరామర్శకి వెళ్తానంటే ఆ ఇంట్లో కాదనేవాళ్ళు లేరు. పైగా జబ్బులో ఉండి కూడా ఇంకొకరిని చూడ్డానికి వెళ్తోందని సత్యనారాయణమూర్తి గారికి భార్య మీద గౌరవం పెరిగింది. ఆ గౌరవంతోనే ఆయన రచ్చబండ దగ్గర ఆ మాట నలుగురికీ చెప్పారు. జ్యోతిర్మయి పాలవాడికి చెప్పింది. మూడో రోజుకల్లా నాగదుర్గ జబ్బు ఊరు దాటింది.

నాగదుర్గ ఆ సమయంలో నిచ్చెన ఎక్కి చిక్కుడు కాయలు కోస్తోంది. గుక్కెడు మందు కూడా ఎరగని ఒళ్ళు ఆవిడది. వీధిలో బత్తాయిల సంచులతో ఇద్దరాడవాళ్ళు వస్తూ, "పాపం నాగదుర్గగారు" అనుకోవడం నిచ్చెన మీంచే వింది.

"వదినగారండీ, నాకేమైందండీ?" అని కింద ఉన్న కనకరత్నాన్ని అడిగింది.

దండెం దగ్గరున్న కనకరత్నం సంగతంతా ఒక్క ఊపులో చెప్పి, దణ్ణం పెట్టింది. కుడి చెయ్యి నుదుటి ఎత్తుకి రాకపోయినా పెట్టింది.

నాగదుర్గ నిచ్చెన దిగి, చిక్కుడు కాయలు మంచం కిందకి తోసి, దుప్పటి కప్పుకుని మూలిగింది. ఆ మూలుగు వింటే ఆవిడ పుట్టిన దగ్గర్నుంచీ ఈ అవకాశం కోసమే ఎదురు చూసిందనిపించేది. అప్పట్నుంచి జనం బోదెకి అటు వెళ్ళడం మానేసి ఇటు రావడం మొదలెట్టారు. నాగదుర్గకి రోజూ బత్తాయిలు, హార్లిక్సు సీసాలు. రామలక్ష్మికి కాఫీలు కలపలేక చేతులు నొప్పులు. అందుకని గుడ్డలన్నీ కనకరత్నానికే వదిలేసింది. దండెం ముడి చెట్టు మీద జానెడు పైకి జరిగింది, ఇంకో జానెడు జరిగింది. ఎవరైనా అటు చూస్తే కనకరత్నం చీర వెనక్కి తప్పుకునేది.

ఇలా ఎన్నాళ్ళో సాగదు కదా. ఒకరోజు శ్రీరామచంద్రమూర్తి గారే నాగదుర్గని పరామర్శించడానికి వచ్చారు. తమ్ముడి ఇంటి నుంచి దగ్గరని, వీధి గుమ్మంలోంచి కాకుండా పెరటి దారిన వచ్చారు. వచ్చి, తమ్ముడి భార్య మునివేళ్ళ మీద నిలబడి, పరాయివాళ్ళ లంగా దండెం మీద వేస్తూ ఉండగా చూశారు.

"అమ్మా కనకరత్నం" అన్నారు.

"బావగారండీ, కాస్త దూరంగా నిలబడండి, నీళ్ళు కారుతున్నాయి" అంది ఆవిడ, చెయ్యి దించకుండానే.

మధ్యాహ్నం భోజనాల వేళకి సత్యనారాయణమూర్తి గారి మొహం మాడిపోయి ఉంది. "అన్నయ్య నలుగురిలో అడిగేడు. మీ ఇంట్లో గుడ్డలు లేవా, కూలికి వెళ్తోందా అని. మన పరువేం కావాలి, రత్నం? చెయ్యి సంగతి ఆసుపత్రివాళ్ళు చూసుకుంటారుగా. మిషనుకి పట్టీలుంటాయి, వాళ్ళే ఎత్తి కట్టేస్తారు."

కనకరత్నం ఎప్పుడూ ఎదురు మాటలో ఒక నవ్వు కలిపేది. ఆ రోజు కలపలేదు.

"కట్టడానికి చెయ్యి లేవాలండీ. లేవకపోతే నన్ను ఆ బల్ల మీంచి దింపి ఇంటికి పంపించేస్తారు. అప్పుడిక ఇక్కడే ఈ మంచం మీద ఉంటాను. ఎవరొచ్చినా దొరుకుతాను. నాకు ఇంకా కొన్నాళ్ళు ఉండాలనుందండీ."

సత్యనారాయణమూర్తి గారు పెరుగన్నం కలుపుతున్నవారు కలుపుతూనే ఉండిపోయారు. ఆ ఆఖరి మాట ఆవిడ ఇన్ని నెలల్లో ఎప్పుడూ అనలేదు. ఆయన అడగనూ లేదు.

మర్నాడు పొద్దున్నే కాలవ గట్టు మీద వెళ్తున్నవాళ్ళు ఒక వింత చూశారు. సత్యనారాయణమూర్తి గారు, ఆరడుగుల మనిషి, ఎడంచేత్తో ప్లాస్టిక్ బకెట్టు పట్టుకుని, బోదె పలక మీద పడతానేమోనని చూసుకుంటూ దాటుతున్నారు. బకెట్లో ఆయన కండువాలు. జీవితంలో మొదటిసారి స్వయంగా పిండుకున్నట్టున్నారు, దారి పొడుగునా నీళ్ళు కారుతున్నాయి.

"మీరెందుకండీ ఇలా, మా ఇంటికి..." అంది రామలక్ష్మి కంగారుగా.

"మా ఇంట్లో దండెం పొట్టిదమ్మా" అన్నారాయన. అంతకంటే మంచి అబద్ధం దొరక్క. తర్వాత కండువాలు మళ్ళీ గట్టిగా పిండి, దండెం ముడి విప్పి, రామలక్ష్మి ఎన్నడూ కట్టలేని ఎత్తులో కట్టి, పక్కన నిలబడ్డారు. భార్య చెయ్యి పైకి లేస్తుంటే ఆయన మొహం ముడుచుకుపోయింది. నొప్పి ఆవిడదో ఆయనదో తెలియలేదు. రెండుసార్లు సాయానికి చెయ్యి చాపబోయి, రెండుసార్లూ వెనక్కి తీసుకున్నారు. ఆయన పెళ్ళైన దగ్గర్నుంచీ చేసిన సేవల్లో అదే అన్నిటికంటే కష్టమైనది.

మంచం మీది నాగదుర్గ కిటికీలోంచి అంతా చూసి, ఇక జబ్బు తగ్గించుకుంది.

కరెంటుకి ముందు కొలతలు తీసి గుర్తులు పెట్టే రోజు వచ్చింది. రాజమండ్రిలో పెద్దాసుపత్రి హాలు నిండా జనం. పేరు పిలవగానే భార్యాభర్తలిద్దరూ డాక్టరు గారి గది గుమ్మం దగ్గరికి వెళ్ళారు. గది చిన్నది, తలుపు తెరిచే ఉంది. డాక్టరు గారు చెయ్యి ఎత్తమన్నారు. కనకరత్నం ఎత్తింది. భుజం దాటింది, చెవి దాటింది, తల పక్కకి వచ్చి, ఒక్క క్షణం వణికి, తలపైకి వెళ్ళింది.

డాక్టరు గారు కాగితాల్లోకి చూసి, మళ్ళీ ఆవిడ చెయ్యి చూసి, "కిందటిసారి భుజం కంటే కిందే ఆగిపోయింది కదమ్మా. ఏం చేశారు?" అన్నారు.

కనకరత్నం గోడ, ఎక్సర్‌సైజు అని ఏదో గౌరవంగా ఉండే జవాబు వెతుక్కుంటోంది. భర్త పక్కన ఉన్నారు, వెనక హాల్లో తోడొచ్చిన ఆయన మేనత్త కొడుకులు, అమలాపురం వాళ్ళు కూడా ఇద్దరున్నారు.

సత్యనారాయణమూర్తి గారు గొంతు సవరించుకున్నారు. "పక్కింటి వాళ్ళ గుడ్డలు ఆరేసిందండి" అన్నారు. గదిలోకే చెప్పవలసిన మాట, హాలంతా వినబడేలా చెప్పారు. "రోజూ వెళ్ళి ఆరేసిందండి. నావి కూడానండి."

అమలాపురం వాళ్ళు తల తిప్పి చూశారు. ఆయన వాళ్ళ వైపు కూడా చూశారు, తల దించుకోలేదు. కనకరత్నం ఆయన కండువా అంచు పట్టుకుని ఒకసారి లాగి వదిలేసింది.

తర్వాత ఆవిడని ఒక్కదాన్నే లోపలికి తీసుకెళ్ళారు. చల్లటి గది, సన్నటి బల్ల, పెద్ద మిషను. పడుకోబెట్టి, చెయ్యి తలపైన పెట్టించి, ఎర్రటి వెలుగు గీతలు సరిచూసుకుని, అందరూ బయటికి వెళ్ళి తలుపు వేసేశారు. ఇన్ని నెలల్లో ఒక గదిలో కనకరత్నం పక్కన ఒక్కరంటే ఒక్కరు లేకుండా ఉండడం అదే మొదలు. అప్పుడు భయం వేసింది. ఆపరేషను ముందు వెయ్యని భయం, జుట్టు ఊడినప్పుడు వెయ్యని భయం, అందరి ముందూ వేళాకోళం చేసి దాటేసిన భయం మొత్తం కలిపి ఒకేసారి వేసింది.

"కదలకండమ్మా, కొంచెంసేపే" అంది గోడలోని మైకులోంచి ఒక గొంతు.

"ఆయ్" అంది కనకరత్నం.

కళ్ళలోంచి నీళ్ళు చెంపల మీదుగా చెవుల్లోకి జారాయి. తుడుచుకోవడానికి ఆవిడ చెయ్యి దించలేదు.